ఏడు మిల్లీమీటర్లు

"వచ్చే గురువారం కోయించేస్తున్నాం," అని మొగుడు ఫోనులో వాళ్ల అన్నగారికి చెబుతున్నాడు. కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో కోటుకి అంచు మడుస్తున్న ఆమె ఆ మాట విని, పెరట్లో చెట్టు కొమ్మేదో అనుకుంది. కోయించేది తన గొంతేనని తెలియడానికి కాసేపు పట్టింది.

రెండేళ్లుగా మెడ లాగేస్తోందని మొత్తుకుంటే ఈ ఇంట్లో తల తిప్పి చూసినవాళ్లు లేరు. "వంగి కుడితే పట్టదా మరి, కాస్త నూనె రాసుకో," అనేది అత్త. "నువ్వూ నీ నొప్పులూ," అనేవాడు ఆయన. చివరికి పోయిన నెల ఒక్కతే ఆస్పత్రికి పోయి మెడకు స్కాన్ తీయించుకుంటే, థైరాయిడ్ గ్రంథిలో చిన్న గడ్డ కనబడింది. సూదితో రవ్వంత తీసి పరీక్ష చేసి, క్యాన్సరే అన్నారు. ఏడు మిల్లీమీటర్లు. ఇంటికొచ్చి టేపు మీద చూసుకుంది. ఏడు సన్న గీతలు. పసిపిల్లల చొక్కా గుండీ అంత.

ఆ మాట తెలిశాక మాత్రం ఆయన ఆస్పత్రికి కూడా వచ్చాడు.

"ఇంత చిన్నవి చాలామందిలో ఏళ్లతరబడి కదలవమ్మా," అంది డాక్టరమ్మ. "మీది గ్రంథి దాటి ఎటూ పాకలేదు. ఆర్నెల్లకోసారి స్కాన్ చేసి కనిపెట్టుకుని ఉండొచ్చు, పెరిగితే అప్పుడు తీద్దాం. ఇప్పుడే తీయమన్నా తీస్తాం. కాకపోతే కొందరికి గొంతు మారుతుంది, రోజూ మాత్ర వేసుకోవాల్సి రావచ్చు. మీరేమంటారు?"

మీరేమంటారు! పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆమెను ఎవరూ అడగని మాట అది. నోరు తెరిచేలోపు పక్క కుర్చీలోంచి, "తీసేయండి," అన్నాడు ఆయన.

గురువారమే ఎందుకంటే, ఆ వారం ఆడపడుచుకు సెలవట, వచ్చి వండిపెడుతుందట. ఆమె గొంతుకు రోజు కుదిర్చింది ఇంటి పొయ్యి. "పెళ్లానికి రోగం పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడని నలుగురూ నన్ననరూ?" అంటాడాయన. అత్త తన గ్లాసు వేరే గూట్లో పెట్టుకుంది, అంటుకుంటుందేమోనని. వంట మాత్రం ఆమే చెయ్యాలి. అన్నానికి లేని అంటు గ్లాసుకెక్కడిదో!

ఆమెకు భయం లేదని కాదు. అద్దం ముందు గుటక వేసినప్పుడల్లా చెయ్యి గొంతు మీదికే పోతోంది. కానీ ఆ భయం తనది. దాన్ని కూడా ఆయనే లాక్కుని, తన పరువుకు కుట్టుకుంటుంటే ఒళ్లు మండిపోతోంది.

వెనకటికి ఒకతని మాట నమ్మి, అతని భార్య గౌనుకు ఆమె చేతులు పొట్టిగా కత్తిరించింది. మర్నాడు ఆవిడ వచ్చి, మోచేతి మీది కాలిన మచ్చ చూపించింది. ఎంత గుడ్డ అతికినా ఆ చేతులు మళ్లీ పొడుగు కాలేదు. ఆనాటి నుంచీ ఆమెది ఒకటే పద్ధతి. తొడుక్కునే మనిషే వచ్చి చెప్పాలి. అప్పటిదాకా గుడ్డ మీద సుద్దగీతే గాని కత్తెర పడదు. వీధంతా ఆమెను మొండిఘటం అంటుంది. అననీ.

ముక్కూ మొహం తెలియని ఆవిడ గౌనుకిచ్చిన మర్యాద, తన గొంతుకు తనే ఇవ్వలేదు.

కోటు పక్కన పెట్టింది. ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, అవతల బావగారు "హలో హలో" అంటుండగానే కట్ చేసి, ఆస్పత్రికి కలిపింది.

"గురువారం ఆపరేషన్ నాకేనండీ. వద్దు. ఆర్నెల్ల తర్వాత స్కాన్‌కి రాసుకోండి, తప్పకుండా వస్తాను. పెరిగిందంటే ఆ రోజు నేనే చెబుతాను తీయమని."

"నీకేమైనా మతి పోయిందా? డాక్టరుకి మాటిచ్చాను!" అన్నాడు ఆయన.

"మాటిచ్చింది నా గొంతు మీదా?"

అత్త తన గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కోడలు ఇంకా ఫోను పెట్టెయ్యలేదు.

"ఇంకొకటండీ. నేను అసలు వచ్చింది మెడ నొప్పికి. అది ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎవరు చూస్తారు?"