పొగ కావాలన్నారు

ఇజ్జా నీలిరంగు ప్లాస్టిక్ బకెట్టును మేకల కొట్టంలోకి నెట్టి తలుపు దగ్గరగా వేసింది. మేడ మీద టీవీ గొడుగుకు పాత కంబళి కప్పి దిగుతుంటే ఊపిరి అందలేదు, మెట్ల మీదే కూలబడింది. ఉన్నవి పన్నెండు మెట్లే. ఇంకా దాచాల్సినవి మిగిలాయి. గోడ గడియారం, కోడలి రబ్బరు బూట్లు, సబ్బుపొడి సంచి. నడక బృందం వచ్చే రోజున ఇల్లు నూరేళ్లు వెనక్కి వెళ్లాలి. అది జాయిద్ పెట్టిన నియమం.

జాయిద్ ఆమె అక్క కొడుకు. పట్నంలో చదివి, మెడలో గైడు బిళ్ల వేసుకుని, విదేశీయులను సాగ్రో కొండల మీదుగా ఎడారి అంచుదాకా నడిపిస్తాడు. కనుమ దిగగానే మొదట తగిలేది ఇజ్జా ఇల్లు. ఇరవై రెండేళ్లుగా ఆ దారిన నడిచినవాళ్లంతా ఆమె రొట్టె తిన్నారు. ఆ కంపెనీ అచ్చువేసిన కాగితంలో మాత్రం ఆమె పేరు ఉండదు. ‘ఒక స్థానిక కుటుంబం’ అని ఉంటుంది.

ఆమె పొట్టి మనిషి. వయసు యాభై రెండు. కనురెప్పల అంచులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. వేడి గులకరాళ్ల మీద రొట్టె తిప్పీ తిప్పీ వేలికొసలు నున్నబడిపోయాయి. గుర్తింపు కార్డు కోసం వెళ్తే వేలిముద్రల యంత్రం మూడుసార్లు ‘మళ్లీ పెట్టు’ అంది. అక్కడి గుమాస్తా నవ్వాడు. ఇజ్జా కూడా నవ్వేసి, బయటికొచ్చాక చేతులు ముడుచుకుని దారంతా నడిచింది.

“అత్తా, దాన్ని కూడా కప్పనా?” కోడలు తూదా వంటింటి గుమ్మంలోంచి అడిగింది.

దాన్ని అంటే గ్యాసు పొయ్యిని. ఇజ్జా రెండు మేకలను అమ్మి నిన్ననే కొన్నది. ఆరోగ్య కేంద్రంలో నర్సు ఛాతీ ఫోటోను కిటికీ వెలుతురుకు పట్టి చూపించింది. “ఇక్కడ గాలి ఉండాలమ్మా. నీకు పొగ ఉంది. ఇంకో చలికాలం ఆ పొయ్యి ముందు కూర్చున్నావంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు,” అంది. చలికాలం వచ్చి కూర్చుంది. నడకలవాళ్లు వచ్చేది కూడా ఆ కాలంలోనే.

“కప్పకు,” అంది ఇజ్జా. “ఇవాళ దాని మీదే కాలుస్తా.”

తూదా నోరు తెరిచి, చున్నీ కొంగుతో మూసుకుంది. “జాయిద్ బావ చూస్తే ఎగిరి పడతాడు.”

“పడనీ. మెత్తగానే ఉంటుంది, మేకల కొట్టం వైపు పడమను.”

ఇద్దరూ నవ్వారు. ఇజ్జాకు నవ్వు దగ్గులోకి తిరిగింది. అయినా మొదటి రొట్టె ఉబ్బి దోరగా కాలి బయటికొచ్చినప్పుడు ఆమె ముఖం చూడాలి. విరిచి సగం కోడలికిచ్చింది. కళ్లలోంచి నీళ్లు రాకుండా రొట్టె కాల్చడం ఆమెకు బతుకులో అదే మొదలు.

మధ్యాహ్నం కాకముందే గంటల చప్పుడు వినిపించింది. ముందుగా సామాను మోసే కంచరగాడిదలు, వాటి వెనక మోహా. ముప్ఫై ఏళ్లుగా గాడిదలు తోలుతున్న మనిషి, మోకాళ్లు అరిగిపోయినా నాలుక అరగలేదు.

“ఏం వదినా, ఇంటి మీద పొగ లేదు. నువ్వు లేచిపోయావేమో అనుకున్నాను.”

“లేచిపోతే నీ గాడిద మీదే పోతానులే. నీకంటే దానికి బుద్ధెక్కువ.”

మోహా పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. వెనకే జాయిద్ పరుగున వచ్చాడు, బృందాన్ని బాదం చెట్ల దగ్గర ఆపి. నేరుగా వంటింట్లోకి వెళ్లి, నోరు వెళ్లబెట్టి నిలబడ్డాడు.

“ఇదేంటి పిన్నీ?”

“పొయ్యి. నువ్వు పట్నంలో చూసే ఉంటావు.”

“పదకొండు మంది వస్తున్నారు. వాళ్ల కాగితంలో ఏముందో తెలుసా? కట్టెల పొయ్యి, పొగ, మట్టిగోడ. వాటికోసమే వస్తున్నారు. దీన్ని చూపించమంటావా?”

“రొట్టె తినడానికి వస్తున్నారనుకున్నాను.”

“తినడానికైతే వాళ్ల ఊళ్లో రొట్టె లేదా? పొగ లేకపోతే కంపెనీ ఏరు అవతలి ఇంటికి పంపేస్తుంది. తర్వాత నన్ననకు.”

“మీ అమ్మ దేని మీద వండుతోందిరా ఇప్పుడు?”

జాయిద్ మెడలో బిళ్లను సర్దుకున్నాడు.

“మా అక్క దేని మీద వండుతోంది? చెప్పు.”

“గ్యాసు మీద,” అన్నాడు నేలకేసి చూస్తూ.

“ఎందుకు?”

“ఆమెకు ఆయాసం కదా పిన్నీ...”

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతని చెవులు ఎర్రబడ్డాయి. అయినా వెళ్లలేదు. గొంతు తగ్గించి, చిన్నప్పుడు బెల్లం అడిగినట్టే అడిగాడు. “ఒక్క రొట్టె. ఫోటో కోసం ఒక్కటే. అయిపోగానే ఆర్పేద్దాం. నా మాట నమ్ము.”

పిల్లాడిలా అడిగితే ఇజ్జా ఎవరినీ కాదనలేదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. గ్యాసు పొయ్యి మీద ఇంకో కంబళి పడింది, దాని మీద రెండు దిండ్లు. పాత పొయ్యిలో బాదం కొమ్మలు, మాచిపత్రి పొదలు చేరాయి. కొన్ని కొమ్మలను జాయిదే నీళ్లలో ముంచి తెచ్చాడు, పొగ ఫోటోలో బాగా పడుతుందని.

వాళ్లు వచ్చారు. చెడ్డవాళ్లలా లేరు. గుమ్మం దగ్గర బూట్లు విప్పారు, గుండె మీద చెయ్యి వేసుకుని పలకరించారు. లోపలికొచ్చి రెండు నిమిషాలు కాగానే కళ్లు తుడుచుకుంటూ బయటికి పరుగెత్తారు. ఒకావిడ రెండుసార్లు దగ్గింది. జాయిద్ ఆమెకు నీళ్ల సీసా అందించాడు, వీపు నిమిరాడు, నీడలో కూర్చోబెట్టాడు. లోపల ఇజ్జా దగ్గుతూనే ఉంది. ఆ దగ్గు ఇంటి చప్పుళ్లలో ఒకటైపోయింది కాబోలు, ఎవరూ అటు తిరగలేదు.

రొట్టె తీసి గుమ్మంలోకి వచ్చి, జాయిద్ చొక్కా పట్టుకుంది. “చెప్పు వాళ్లకి. ఈ పొగ నా ఛాతీని తినేస్తోందని చెప్పు. నాకు వేరే పొయ్యి ఉందని చెప్పు.”

జాయిద్ వాళ్లవైపు తిరిగి ఏదో చెప్పాడు. ఆమె చెప్పినదానికంటే పొడుగ్గా చెప్పాడు. పదకొండు ముఖాలూ వికసించాయి. చప్పట్లు కొట్టారు.

ఇజ్జా మోహా వైపు చూసింది. ముప్ఫై ఏళ్లు వాళ్ల వెంట నడిచినవాడికి వాళ్ల మాటలు సగమైనా తెలుసు. “ఏమన్నాడు?”

మోహా ఈసారి నవ్వలేదు. గాడిద జీను తాడు బిగిస్తూ అన్నాడు. “మీ అవ్వ కాల్చినట్టే కాల్చడం నీకు గొప్పట వదినా. ఈ పొగ వాసన లేకపోతే నీకు నిద్ర పట్టదట.”

ఇజ్జా అక్కడే నిలబడింది. అరవాలనుకుంది. అరవడానికి గాలి కావాలి. అంతలో దగ్గిన ఆవిడే దగ్గరికొచ్చి, పిండి ముద్దను చూపిస్తూ ఎంతో మర్యాదగా ఏదో అడిగింది.

“వాళ్లు కూడా తలా ఒకటి కాలుస్తారట పిన్నీ,” అన్నాడు జాయిద్, ఆమె కళ్లలోకి చూడకుండా. “సరదా పడుతున్నారు.”

ఒక్కటి పదకొండైంది. ఒక్కొక్కరూ లోపలికొచ్చి, ముద్దను వంకరగా చరిచి, వేళ్లు ఊదుకుని, నవ్వి, బయటికి పోయారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు మారారు. పొయ్యి ముందు మనిషి మారలేదు. మాడినవి తీసింది, జారినవి సర్దింది, ప్రతి ఒక్కరి చెయ్యినీ రాళ్ల వేడికి దూరంగా పట్టుకుంది. తూదా వచ్చి “నేను కూర్చుంటా లే అత్తా” అంటే, “కడుపుతో ఉన్నదానివి, నీకెందుకే ఈ పొగ” అని బయటికి నెట్టింది.

వాళ్లు వెళ్లేటప్పుడు అందరూ ఆమె చెయ్యి పట్టుకుని ఊపారు. జాయిద్ చివరగా వంగి నెత్తిన ముద్దు పెట్టుకున్నాడు. ఆమె తల పక్కకు తిప్పుకుంది. గంటల చప్పుడు ఏటి రాళ్ల మీదుగా దిగిపోయింది.

“కాసేపు ఎండలో కూర్చుంటానే,” అంది ఇజ్జా. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది.

తూదా మేడ మీది కంబళి తీసి, గడియారం తగిలించి, బకెట్టులో నీళ్లు పట్టుకుని వచ్చింది. అత్త అలాగే కూర్చుని ఉంది. మణికట్ల దాకా పిండి ఎండిపోయి పగుళ్లు పట్టింది. కళ్లు బాదం చెట్ల మీదే ఉన్నాయి. ఛాతీ మాత్రం కదలడం లేదు. చాలా కాలంగా ఆ ఛాతీలో ఈల మోగుతూ ఉండేది. అది ఆగినందుకే తూదాకు ముందు భయం వేసింది.

అత్త ఒళ్లో ఫోను మోగింది. తూదా ఎత్తింది.

“పిన్నీ, రేపు ఎనిమిది మంది,” అన్నాడు జాయిద్, గాలి చప్పుడులోంచి. “ఇవాళ్టివాళ్లు తెగ మెచ్చుకున్నారు. కోపం పెట్టుకోకు, సరేనా?”

“ఆమె పోయింది బావా.”

“ఎక్కడికి?”

తూదా ఫోను కట్టేసింది. ఆ ప్రశ్నకు అతనే నడిచొచ్చి జవాబు చూసుకోవాలి.

ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, స్నానం చేయించడానికి పెద్ద గిన్నె కోసం వంటింట్లోకి వెళ్లబోతూ గడప దగ్గర ఆగింది. తలుపు మేకుకు పదకొండు మందిలో ఎవరో విప్పి తగిలించి మరచిపోయిన, ముక్కుకూ నోటికీ కట్టుకునే తెల్లని గుడ్డ గాలికి ఊగుతోంది. ముక్కు ఆనే చోట, కాసేపు వాడినందుకే, బొటనవేలంత బూడిదరంగు మచ్చ ఉంది.