గడపకి బెత్తెడు కింద

చెక్క అరుగు మాట మొదట ఎత్తింది మేస్త్రి భార్యే.

"పెరటి గడప దాటగానే ఒక అరుగు వేయిద్దామండీ, నేలకి ఆనుకుని ఉండేలా," అందామె ఒక పొద్దున కిటికీ తుడుస్తూ. ఆ మాటకు మేస్త్రి చేతిలోని గ్లాసు పక్కన పెట్టాడు. ఈ మధ్య ఆయన ఎవరి మాటకైనా గ్లాసు పక్కన పెట్టడమన్నది ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

పద్నాలుగు నెలల కిందట ఎవరింటికో కప్పు వాసాలు బిగిస్తూ పడ్డాడు. నడుం కింద కాళ్ళు ఉన్నాయన్న పేరే మిగిలింది. ముప్పై ఏళ్ళు ఊరందరి ఇళ్ళకీ తలుపులూ మెట్లూ చేసిన వడ్రంగికి, సొంత పెరటి తలుపు బయటున్న ఒక్క దిగుడు కొండై కూర్చుంది. చక్రాల కుర్చీ అక్కడిదాకా వెళ్ళి ఆగిపోయేది. ఆసుపత్రికి పోవాలంటే ఇద్దరు మనుషులు ఆయన్ని బస్తాలా మోయాలి. ఆ మోతకు సిగ్గుతో చచ్చిపోయి, బయటి గాలి మీద ఆశే వదిలేసుకున్నాడు.

అరుగు గడపతో సమానంగా వచ్చిందంటే చాలు. ఎవరి చెయ్యీ పడకుండా తన చక్రం తనే తిప్పుకుని బయటికి పోవచ్చు. ఆయనకి కావలసింది అంతే.

ఆ రోజే పాత క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ప్లాను గీశాడు. పైమట్టి చెక్కెయ్యాలి. గడ్డి మొలవకుండా నల్ల గుడ్డ పరవాలి. దాని మీద నలభై తోపుడు బళ్ళ కంకర, పొరపొరకీ దిమ్మిస కొట్టి గట్టిచెయ్యాలి. ఆ పైన దూలాలు, వాటి మీద పలకలు. గడపకీ మొదటి పలకకీ మధ్య సన్నటి కాలువ, దాని మీద ఇనుప జాలీ. వాన నీళ్ళు అందులోంచి పోతాయి, చక్రాలు పైనుంచి పోతాయి. చివర్లో రెండు గీతలు కొట్టి మరీ రాశాడు: పలక పైభాగం గడపకి సమానం. వెంట్రుకవాసి తేడా రాకూడదు.

పని చేసేది భార్య తమ్ముడు. మనిషి సన్నగా, పొడుగ్గా, నిటారుగా ఉంటాడని మేస్త్రి వాడికి పెట్టిన పేరు గజంబద్ద. నలభై దాటి నెత్తిన వెంట్రుకలు పలచబడ్డా పేరు మాత్రం ఊడలేదు. ఉలి పట్టడం, కొలత తీయడం, కొలత తప్పితే తిట్లు తినడం, అన్నీ వాడు మేస్త్రి దగ్గరే నేర్చుకున్నాడు. కడుపున పిల్లలు లేని మేస్త్రికి వాడంటే ప్రాణం. ఆ ముక్క నోటితో ఎన్నడూ అనలేదు, తిట్లలో కలిపి ఇచ్చేశాడు.

మేస్త్రి పనికి ఒక అలవాటుంది. ఏది చేసినా మొదటి పలక అడుగున, అది ఎవరికోసమో వాళ్ళ పేరు పెన్సిలుతో రాసి, పేరు కిందికి పెట్టి బిగిస్తాడు. "ఎవరికి చేస్తున్నామో చెక్కకైనా చెప్పొద్దురా?" అనేవాడు. చెక్క వచ్చిన రోజున గజంబద్ద మొదటి పలక తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాడు. చెవి మీది పెన్సిలు తీసి చేతికిచ్చాడు.

ముప్పై ఏళ్ళలో మొదటిసారి మేస్త్రి తన పేరు రాసుకున్నాడు. పక్కనే చిన్న చక్రం బొమ్మ వేశాడు. గజంబద్ద దాన్ని చాలాసేపు చూసి పట్టుకుపోయాడు. వాడికి ఏడుపొచ్చిందనుకుని మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. ఆ పూట కంచం ఖాళీ చేసి, ఇంకాస్త పెట్టమని అడిగాడు కూడా.

ఐదు రోజులు కిటికీ దగ్గరే కాపురం. అక్కణ్ణుంచి పెరడంతా కనిపిస్తుంది, గడప మాత్రం గోడ చాటున పడుతుంది. దుమ్ము వస్తుందని భార్య పెరటి తలుపు మూసి గడియ పెట్టింది. మేస్త్రి కూర్చున్న చోటునుంచే పెత్తనం చేశాడు. "దిమ్మిస అలాగేనా కొట్టేది? జోకొడుతున్నావా దాన్ని?" అంటే బయట గజంబద్ద నవ్వేవాడు.

కంకర బళ్ళు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. ఇరవై ఎనిమిదో బండి తర్వాత ఆగిపోయాయి.

"ఒరేయ్, ఇంకా పన్నెండు బళ్ళు రావాలి!"

"సరిపోతుంది బావా. నేల గట్టిదే."

"గట్టిదనానికీ ఎత్తుకీ సంబంధమేంట్రా?"

గజంబద్ద దిమ్మిస అందుకున్నాడు. దూలాలు ఎత్తువి తెచ్చుంటాడులే అని మేస్త్రి తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. వేరే ఎవడైనా అయితే ఆ మాట నమ్మేవాడు కాదు.

ఆరో రోజు పొద్దున రంపం చప్పుడు ఆగింది. మేస్త్రి శుభ్రంగా గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తలుపు దగ్గరికి వెళ్ళి గడియ తనే తీశాడు.

అరుగు అద్దంలా ఉంది. పలకల మధ్య సందులన్నీ ఒక్క కొలత. స్క్రూలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. గుండె నిండిపోయి చక్రం ముందుకు తోశాడు. ముందు చక్రాలు గడప మీదికొచ్చి గాల్లో ఆగాయి.

వంగి చెయ్యి కిందికి చాచాడు. గడప అంచునుంచి పలకదాకా నాలుగు వేళ్ళు అడ్డంగా పట్టాయి. సరిగ్గా బెత్తెడు. కాలువ లేదు, జాలీ లేదు.

గజంబద్ద అరుగు చివర నిలబడి బట్టతో చేతులు తుడుచుకుంటున్నాడు. అవి ఎప్పుడో శుభ్రమయ్యాయి.

"ఏంట్రా ఇది?"

"వాన నీళ్ళు లోపలికి రాకూడదని..."

"దానికి జాలీ వేయాలని నీకు నేర్పిందెవరు?"

ఒక వేలెడు తేడా వస్తే పొరపాటు అనుకోవచ్చు. మూల నుంచి మూలకి మట్టం చెదరకుండా బెత్తెడు దిగిందంటే, అది కొలిచి దించిందే. ఈ అరుగు తనకోసం కాదు.

"ఎవరికి చేశావు?"

జవాబు వెనకనుంచి వచ్చింది. భార్య తడిచేతులతో వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. "ఇల్లు అమ్మేశామండీ. కొన్నవాళ్ళు పెరట్లో అరుగు కావాలన్నారు. నీళ్ళు రాకుండా ఒక మెట్టు దించమన్నారు. వచ్చే నెలలో మనం ఫ్లాటుకి వెళ్ళిపోతున్నాం. నాలుగో అంతస్తు. లిఫ్టుంది."

"ఇల్లు ఇద్దరి పేరా ఉంది కదా?"

"అమ్మకం ఒప్పందం ఆసుపత్రి కాగితాలతో కలిపి పెట్టాను. మీరు చూడకుండా సంతకం పెట్టారు." ఆమె తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "చెబితే ఒప్పుకునేవారా? ఒక్కదాన్నే ఎన్నాళ్ళు లాగను? నా నడుం కూడా పడిపోతే మనిద్దర్నీ ఎవరు చూస్తారు?"

అందులో అబద్ధం లేదని మేస్త్రికి తెలుసు. అందుకే ఇంకా మండింది. "అమ్ముకుంటే అమ్ముకున్నావు. నా చేత ప్లాను ఎందుకు గీయించారు? కిటికీలో కూర్చోబెట్టి నన్ను ఆడించారెందుకు?"

"ఆ అరుగు మాట విన్నాక మీరు కడుపునిండా తిన్నారు. ఆపలేకపోయాను."

ఆమెతో ఇక మాట్లాడటానికి ఆయనకి ఓపిక లేకపోయింది. గజంబద్ద వైపు తిరిగాడు. "మొదటి పలక విప్పు."

"ఇప్పుడెందుకు బావా..."

"నా పేరుంది దాని మీద. ఎవడి కాళ్ళకిందో పడుండటానికి రాయలేదు నేను. విప్పు."

గజంబద్ద అక్క మొహం వంక చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూలు ఒక్కొక్కటే తీశాడు. ఎనిమిది స్క్రూలకి అంతసేపు ఎవరికీ పట్టదు. పలక లేపి, తిప్పకుండా అలాగే తెచ్చి ఒళ్ళో పెట్టాడు. మేస్త్రే దాన్ని తిరగేశాడు.

అడుగు తెల్లగా మెరుస్తోంది. పేరు లేదు, చక్రం లేదు. ఇంకా పచ్చి చెక్క వాసన వస్తోంది.

"ఆ పేరు మీద వేరేవాళ్ళు నడుస్తుంటే నేను చూడలేను బావా," అన్నాడు గజంబద్ద నేల చూపులు చూస్తూ. "అందుకే..."

మేస్త్రి బొటనవేలితో పలక ఈ చివరనుంచి ఆ చివరిదాకా తడిమాడు. ఎక్కడా పేడు లేవలేదు, గాటు పడలేదు. ఈ పనికి తొందరేమీ పడలేదు వీడు. తీరిగ్గా కూర్చుని, చెక్క నార ఎదురుపడకుండా చూసుకుని, పేరంతా చిత్రికతో గీకి తీశాడు.

"చిత్రిక బాగా పట్టావురా," అని పలక తిరిగి ఇచ్చేశాడు. "అచ్చం నేను నేర్పినట్టే ఉంది."

చక్రాలు వెనక్కి తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. దానికి మాత్రం ఆయనకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.