నా పేరు మీద ఒక కోరిక

మాంసాన్ని మూడోసారి కడుగుతుంటే స్టీలు బేసిన్ అడుగున టంగుమని చిన్న చప్పుడైంది. నీళ్ళు వంచేసి చూశాను. మిరియపు గింజంత గుండు. నల్లగా ఉంది, ఒకవైపు నొక్కుకుపోయింది. చెంచాతో తీసి చిన్న కటోరీలో వేశాను. జనవరిలో ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఢిల్లీ జనక్‌పురిలో ట్యాంకు నీళ్ళు ఎలా ఉంటాయో వాటిలో చేయి పెట్టినవాళ్ళకే తెలుసు. మణికట్ల కింద నాకు చేతులు ఉన్నట్టే లేదు. రెండు చేతులకూ పాలిథిన్ కవర్లు తొడుక్కుని రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాను. మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వచ్చిన మా ఆయన ఉమాశంకర్ అది చూసి నవ్వాడు. "ఏంది, ఆపరేషన్ చేస్తున్నవా?" అన్నాడు. తర్వాత కిటికీ రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టాడు. కింది అంతస్తులో ఉండే ఇంటి ఓనర్లు మాంసం తినరు. అయినా మేకమాంసం వరకు చూసీచూడనట్టు ఊరుకుంటారు. "ఆంటీ అడిగితే మటన్ అని చెప్పు" అని, గ్లాసు అక్కడే సింకులో పెట్టి వెళ్ళిపోయాడు.

అది మటన్ కాదు, అడవిపంది. మా అత్తమ్మ మాణిక్యమ్మ శుక్రవారం తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో కాగజ్‌నగర్ నుంచి థర్మకోల్ పెట్టెలో తెచ్చింది. దారిలో రెండుచోట్ల ఐసు కొనిపించి పోయించుకుందట. చెప్పులు విప్పకముందే పెట్టె నా చేతికిచ్చి, "నీ కోరిక తెచ్చిన బిడ్డా" అంది. ఏ కోరిక అత్తమ్మా అన్నాను. ఆమె నా చెంప నిమిరి, "సిగ్గెందుకే, నీళ్ళు పోసుకున్నదాని నాలుక అడుగుతనే ఉంటది" అంది. పెట్టె మూత తీసేలోగా మిగతా కథంతా తెలిసింది. మూడు వారాల కిందట ఉమాశంకర్ ఊళ్ళో ఉన్న తన చిన్నాయిన హనుమయ్యకు ఫోన్ చేసి, మైథిలికి ఐదో నెల, అడవిపంది కూర తినాలని ఒకటే కలవరిస్తోందని చెప్పాడట. వాళ్ళ ఊళ్ళో గర్భిణి నోటివెంట ఒక పదార్థం పేరు వస్తే, విన్నవాడు తెచ్చిపెట్టాల్సిందే. లేకపోతే పుట్టిన బిడ్డ చెవిలో చీము కారుతుందంటారు. హనుమయ్య చిన్నమామకు అరవై రెండేళ్ళు. ఫారెస్టు వాళ్ళకు దొరికితే కేసు అవుతుందని తెలిసీ, నాటు తుపాకీ ఉన్న ఒకతన్ని వెంటబెట్టుకుని రెండు రోజులు తిరిగాడట. ఇంకో నియమం కూడా అత్తమ్మే చెప్పింది. కోరిన మనిషి మొదటి ముద్ద తినేదాకా ఆ కూరను ఎవరూ ముట్టకూడదు.

నేను అడవిపందిని కోరలేదు. నిజం చెప్పాలంటే ఈ ఐదు నెలల్లో నేను ఏదీ కోరలేదు. ఆకలి కూడా సరిగ్గా తెలియడం లేదు. గడియారం చూసి తింటున్నాను. ఆ సాయంత్రమే ఉమాశంకర్‌ను అడిగాను, అలా ఎందుకు చెప్పారని. ఆఫీసు బూట్లు విప్పుతూ, తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "నాకు తినాలనుందంటే చిన్నాయిన నవ్వుతడు. నీకని చెప్తే కదులుతడు. నీ పేరే కదా వాడుకున్నది, నీకేం పోయింది?" ఆ మాటలో తప్పేమిటో చెప్పాలనుకున్నాను. మాటలు పేర్చుకునేలోపు ఆయన టీవీ ముందు కూర్చున్నాడు. నాకు కోపం వచ్చి ఉండాలి. కోపం ఎక్కడుంటుందో ఆ చోటు నాకు గుర్తుంది. అక్కడ వెతికితే ఏమీ దొరకలేదు.

కిందటేడు మూడో నెలలోనే కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజు ఫోన్‌లో అత్తమ్మ అడిగిన మొదటి మాట, "ఏం తిన్నవే?" అమ్మ కూడా కొంచెం మెల్లగా అదే అడిగింది. ఉమాశంకర్ అడగలేదు. కానీ ఎవరితోనో మాట్లాడుతూ, "హీట్ చేసేది ఏదో తిన్నట్టుంది" అనడం నేను పక్కగదిలోంచి విన్నాను. అప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, ఆ మూడు నెలల్లో నేను తిన్నవన్నీ గుర్తు తెచ్చుకుని రాశాను. బొప్పాయి లేదు. పైనాపిల్ లేదు. నువ్వుల లడ్డు ఒకటి, అదీ సగం. కాగితం రెండువైపులా నిండింది. భోజనాల బల్లమీద పెట్టాను. రెండు రోజుల తర్వాత ఉమాశంకర్ దాన్ని మడిచి ఊగుతున్న కుర్చీ కాలు కింద పెట్టాడు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఇల్లు ఊడ్చేటప్పుడల్లా చీపురు దానికి తగులుతుంది.

అందుకే శనివారం చెకప్‌కు వెళ్ళినప్పుడు, ఈ అడవిపంది మాంసం తినొచ్చా అని డాక్టరమ్మను నేనే అడిగాను. ఉమాశంకర్ బయట వరండాలో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె పెన్ను ఆపి, "గోలీ సే మారా హై క్యా?" అంది. తుపాకీతో కొట్టిందేనన్నాను. ఆమె పేషెంట్ల వరుసను కాసేపు మరిచిపోయి ఓపికగా చెప్పింది. బాగా ఉడికిస్తే క్రిములు చస్తాయి, పచ్చిమాంసం ముట్టుకున్న చేతులు, కత్తి, పీట సబ్బుతో కడుక్కోవాలి. కానీ సీసం ఉడికిస్తే పోయేది కాదు. గుండు తగిలినచోట సీసం పొడిపొడిగా చెదురుతుంది. కంటికి కనపడని నలుసులు గాయానికి జానెడు దూరందాకా ఉంటాయి. తల్లి రక్తంలోకి చేరిన సీసం బిడ్డ రక్తంలోకీ వెళుతుంది, ఇంత అయితే పరవాలేదనే కొలత లేదు. లివర్, అంటే కార్జం, అసలే వద్దంది. "ఆప్ మత్ ఖాయియే, బస్" అని, మీరు తినకండి అంతే అన్నట్టు కార్డు చేతికిచ్చింది.

తిరుగు దారిలో ఈ-రిక్షాలో ఇదంతా ఉమాశంకర్‌కు వరసగా చెప్పాను. ఆయన వింటున్నట్టే తలాడించి, "డాక్టర్లు అట్లనే అంటరు. మా అమ్మ గిదంతా తినే నన్ను కన్నది" అన్నాడు. ఒక్క నిమిషం ఆగి, "రేపు మధ్యాహ్నం సాయిప్రకాష్‌ను, భావనను భోజనానికి పిలిచిన" అన్నాడు. సాయిప్రకాష్ ఆయన సెక్షన్‌లోనే పనిచేస్తాడు. భావన అతని భార్య. ఊరి అడవిపంది కూర గురించి ఆఫీసులో ఎన్నాళ్ళుగా చెబుతున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. "ఒక్క ముద్ద నోట్ల పెట్టుకో. అందరి ముందు సీన్ చేయకు. అమ్మ ముప్పై గంటలు పెట్టె కాపలా కాసుకుంటూ వచ్చింది." ఆ మాట నిజమే. అత్తమ్మ బెర్తు కింద పెట్టెకు కాలు ఆనించి పడుకుని వచ్చింది. ఆమె ప్రేమలో అబద్ధం లేదు, నా నోట్లో పెట్టిన మాటే అబద్ధం.

నాకు అబద్ధం పట్టుకోవడం చేతనవును. కరీంనగర్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. పెళ్ళికి ముందు రెండేళ్ళు కాలేజీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాను. సీసం లవణాల సీసా మీద నా చేతిరాతతోనే 'విషం' అని చీటీ ఉండేది. ఢిల్లీ వచ్చాక ఒక స్కూల్లో ఉద్యోగానికి పిలుపు వస్తే, ఉమాశంకర్ దాన్ని చదివి, "మన ఇంట్ల పప్పుల ఉప్పు సరిగ్గ పడుతలేదు, పిల్లలకు కెమిస్ట్రీ చెప్తవా?" అని నవ్వాడు. ఆ రోజు పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంది. నేను రుచి చూశాను.

పదింటికల్లా కటోరీలో ఏడు గుండ్లు చేరాయి. ఒకదాన్ని చెంచా వెనుకతో పాత పేపరు మీద రుద్దాను. పెన్సిలు గీసినట్టు బూడిదరంగు గీత పడింది. అనుమానానికి తావు మిగల్లేదు. కటోరీ తీసుకెళ్ళి ఉమాశంకర్‌కు చూపించాను. "తీసేసినవ్ కదా, ఇంకేంది?" అన్నాడు. అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, కొంగుముడి విప్పి ఎండు చింతచిగురు నా దోసిట్లో పోసింది. "పులుపు దండిగ పడాలె. కార్జం పక్కకు తీసి నీకు వేరే వేయించు. రక్తం పడ్తది" అంది. పులుపు తగిలితే సీసం ఇంకా కరుగుతుంది అత్తమ్మా, అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. "సీసమో గీసమో మాకు తెల్వది బిడ్డా. నా అత్త నాకు పెట్టింది, నేను నీకు పెడుతున్న. ఎవలకేమైంది?" అంది. ఆమెకు నలుగురు పుట్టారు, ఇద్దరు బతికారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం చింతచిగురు వైపు చూస్తూ నిలబడ్డాం.

కూర వండాను. మా ఇంట్లో మాంసం నేను వండకపోతే ఇంకెవరూ వండరు. కార్జాన్ని ఒక కవర్లో చుట్టి చెత్తడబ్బాలో వేశాను. గుండు దిగినచోట్ల చుట్టూ మాంసం చాలా దూరం కోసి అదీ పారేశాను. కనపడని వాటి సంగతి నాకు తెలుసు కాబట్టి, అది నాకు నేను చెప్పుకుంటున్న సర్దుబాటు అనీ తెలుసు. ముక్క ఎముక నుంచి విడిపోయేదాకా ఉడికించాను. పీటనూ కత్తినీ వేడినీళ్ళతో, సబ్బుతో రెండుసార్లు కడిగాను. ఇంకో గిన్నెలో నాకోసం కొంచెం అన్నం మెత్తగా కలిపి పెరుగు పోసి పక్కన పెట్టుకున్నాను. దాన్ని ఎప్పుడు తింటానో, అసలు తింటానో లేదో అప్పటికి నేనేమీ అనుకోలేదు.

ఒంటిగంటకు సాయిప్రకాష్, భావన వచ్చారు. ఇల్లంతా మసాలా వాసన, మూసిన కిటికీలు. భావన వంటింట్లోకి వచ్చి మూత ఎత్తి చూసి, "అదృష్టవంతురాలివి మైథిలీ. నా కడుపులో పిల్ల ఉన్నప్పుడు పుల్లమామిడికాయ తినాలనుందంటే మా ఆయన మార్కెట్ బంద్ అన్నాడు. మీ ఆయన నీకోసం అడవినే తెప్పించాడు" అంది. ఆమె మాటలో వెటకారం లేదు, నిజమైన అసూయ ఉంది. నేను పళ్ళాలు తుడుస్తున్నాను. తుడవడం ఆపలేదు.

బల్ల మీద అన్నీ సర్దాను. అన్నం, కూర, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మ చెక్కలు. వాటి మధ్యలో కటోరీ కూడా పెట్టాను. అందరూ కూర్చున్నారు. అత్తమ్మ నా పళ్ళెంలో అన్నం పెట్టి, కూర వేసి, రెండు పెద్ద ముక్కలు ఏరి పక్కన పెట్టింది. "నువ్వు తినాలె ముందు. అప్పటిదాక ఎవరు చెయ్యి పెట్టద్దు" అంది. నాలుగు చేతులు ఒళ్ళో ఆగిపోయాయి. సాయిప్రకాష్ ఆకలి దాచుకోవడానికి కటోరీని దగ్గరకు లాక్కుని, "ఇవేంటండీ, మిరియాలా? వేయించలేదే" అన్నాడు.

"సీసం గుండ్లు. ఈ కూరలోవే" అన్నాను. "కనపడినవి ఏరాను. కనపడనివి కూరలో ఉన్నాయి. మీకు చెప్పకుండా వడ్డించడం పద్ధతి కాదని పెట్టాను."

భావన చేయి తన పళ్ళెం అంచు మీదికి వెళ్ళి దాన్ని ఇంచు దూరం జరిపింది. ఉమాశంకర్ నవ్వి, "కెమిస్ట్రీ మేడమ్ కదా, ఇంట్ల ఇట్లనే ఉంటది" అన్నాడు. ఆ నవ్వుకు తోడు నవ్వేవాళ్ళ కోసం చుట్టూ చూశాడు. అప్పుడే ఫోన్ మోగింది. కోడలు తినడం కళ్ళారా చూస్తానని చిన్నమామ అత్తమ్మకు ముందే చెప్పి పెట్టాడట, వీడియో కాల్. అత్తమ్మ ఫోన్‌ను నీళ్ళ జగ్గుకు ఆనించి నా ఎదురుగా నిలబెట్టింది. తెరమీద హనుమయ్య చిన్నమామ ముఖం, గడ్డం మాసిపోయి ఉంది. ముళ్ళపొదల్లో గీరుకుపోయిందో ఏమో, నుదుటి మీద పొడుగాటి గాటు ఇంకా ఎర్రగానే ఉంది.

"తిన్నవా బిడ్డా? మంచిగున్నదా? నీ నోటికి సరిపడ్డదా?"

పళ్ళెం నా ముందుంది. ఉమాశంకర్ బల్ల కింద నా పాదాన్ని తన పాదంతో నొక్కాడు. నొప్పి తెలియాలి. ఎవరిదో పాదాన్ని నొక్కుతున్నట్టుంది. కుర్చీ కాలు కింద మడతపెట్టిన నా కాగితం ఉంది. ఈ ముద్ద తిన్నాక ఏదైనా జరిగితే, మళ్ళీ ఏం తిన్నావని అడిగేది నన్నే. ఏమీ జరగకపోతే, నా పేరు మీద ఇంకా చాలా కోరికలు పుడతాయి.

"చిన్నమామా, నేను ఇది అడగలేదు" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, ఉల్లిపాయలు కావాలా అని అడిగినట్టు. "ఎప్పుడూ అడగలేదు. డాక్టర్ నన్ను తినొద్దంది. దీంట్లో సీసం ఉంది. నేను తినడం లేదు."

అటువైపు ఎక్కడో కోడి అరుస్తోంది. "మరి ఎవరడిగిన్రు?" అన్నాడు చిన్నమామ.

నేను ఫోన్ తీసుకుని మెల్లగా ఉమాశంకర్ వైపు తిప్పి పట్టుకున్నాను.

ఆయన సర్దుకుని కూర్చుని, "అది కాదు చిన్నాయినా, నేనేమన్ననంటే..." అని ఆగిపోయాడు. అత్తమ్మ కొడుకు వైపు చూసింది. కటోరీ వైపు చూసింది. "గర్భిణి అడిగిందంటెనే కదరా నేను పోయింది" అన్నాడు చిన్నమామ. తిట్టలేదు. ఆ మాట ఒక్కటే ఇంకోసారి, ఇంకా మెల్లగా అన్నాడు. తర్వాత, "ఫోన్ బిడ్డకియ్యి" అన్నాడు.

ఫోన్ నావైపు తిప్పుకున్నాను. పెరుగన్నం గిన్నె తెచ్చుకోవచ్చు, కాల్ పెట్టేయవచ్చు అనుకుంటున్నాను. చిన్నమామ తుండుగుడ్డతో ముఖం తుడుచుకుని, కళ్ళు చికిలించి నన్ను చూశాడు.

"మరి నీకేం తినబుద్ధయితాంది బిడ్డా?"

ఈ ఐదు నెలల్లో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. కిందటేడు మూడు నెలల్లోనూ అడగలేదు. జవాబు ఉండాల్సిన చోట వెతకాలి. అది ఎంత లోపల ఉందో, అసలు ఇంకా ఉందో లేదో చూడాలి.

"ఆలోచించుకుని చెబుతాను చిన్నమామా. పెట్టేయకండి" అన్నాను.

బల్ల చుట్టూ నలుగురూ నా జవాబు కోసం కూర్చున్నారు. కూర మీద నూనె పేరుకుంటోంది. నేను తొందరపడలేదు.