నలభై ఏడో నంబరు చొక్కా

షూటింగ్ ఉన్న రోజు నాగేశ్వరి ఒక గ్లాసు బియ్యం ఎక్కువ పోస్తుంది. ఉదయం ఏడింటికే కృష్ణానగర్ నుంచి తిరుమలేశ్ ఫోన్ చేస్తాడు. సినిమాలకు దుస్తులు కిరాయికిచ్చే దుకాణం అతనిది.

"అమ్మా, ఇయ్యాల నలభై ఏడు బయటికి పోతది. జూబ్లీహిల్స్‌ల ఒక బంగళా కాడ షూటింగు. ఒంటిగంటకు బ్రేక్."

"సరే బాబూ" అంటుంది ఆమె.

ఒంటిగంటా పదికీ ఒంటిగంటంబావుకీ మధ్యలో ఫిల్మ్‌నగర్ వాలులో ఉన్న ఆమె ఇంటి గేటు తెరుచుకుంటుంది. మిలిటరీ చొక్కా తొడుక్కున్న మనిషి లోపలికి వస్తాడు. ఒకసారి పాతికేళ్లవాడు, ఇంకోసారి యాభై దాటినవాడు. ఎవరైనా సరే, బూట్లు విప్పి, మొనలు వీధివైపు ఉండేట్టు పక్కపక్కన పెడతాడు. నేరుగా వంటింట్లోకి వెళ్లి గ్యాస్ సిలిండర్ కట్టేసి ఉందో లేదో చూస్తాడు. తర్వాత, "నాగూ, బీపీ మాత్ర వేసుకున్నావా?" అని అడుగుతాడు. వేసుకున్నానంటే మంచం మీద కూర్చుని అన్నం తింటాడు. కంచం కడిగి బోర్లించి వెళ్లిపోతాడు.

వచ్చేవాళ్లు జూనియర్ ఆర్టిస్టులు. చొక్కా ఆమె భర్త సుబేదార్ ఆదినారాయణది. ఆయన పోయి ఏడాదిన్నర అయింది.

వీధిలో దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. పక్కింటి మనోజ మాత్రం ఎప్పుడైనా గోడ మీదుగా ఒక మాట అంటుంది. "మీ ఆయన ఇవాళ మరీ చిక్కిపోయారండీ, కాస్త నెయ్యి వెయ్యండి."

ఆదినారాయణ శ్రీకాకుళం జిల్లా మనిషి. పద్దెనిమిదో ఏట సైన్యంలో చేరి 2012లో రిటైరయ్యాడు. నాగేశ్వరి అన్న సినిమా సెట్లకు వడ్రంగం చేసేవాడు కనక ఆమె కాపురం ఫిల్మ్‌నగర్‌లోనే సాగింది. పెళ్లయ్యాక ఆయన సర్వీసు పందొమ్మిదేళ్లు. అందులో సెలవుల మీద వచ్చి ఈ ఇంట్లో ఉన్నది అంతా కలిపితే నాలుగేళ్లు దాటదు.

రిటైరయ్యాక ఆ లోటంతా పూడ్చాలనుకున్నాడు. కూతురు సాయిసుధకు రోజూ తనే జడ వేసేవాడు. పదో తరగతి దాకా ఆ పిల్ల జడ బళ్లో అందరికంటే బిగుతుగా ఉండేది. ఆమె బూట్లకు పాలిష్ చేసేవాడు. భార్య మాత్రల అట్టను కత్తెరతో ఏ రోజుకా రోజు ముక్కలుగా కోసి, వాటి వెనక వారాల పేర్లు రాసేవాడు. మిగిలిన పొద్దు సినిమాల్లో గడిచేది. యుద్ధం సీన్లు ఉంటే జూనియర్ ఆర్టిస్టులకు కవాతు నేర్పేవాడు. అందరూ డ్రిల్ మాస్టారనేవాళ్లు. షూటింగ్‌కు రెండ్రోజుల ముందే వాళ్లకు బూట్లిప్పించి, ఇంటి దగ్గర కూడా వాటితోనే తిరగమనేవాడు.

పోయింది కూడా పని మీదే. నిరుడు ఏప్రిల్‌లో, ఊరి బయట ఒక మైదానంలో నలభై మందిని వరసలో నిలబెట్టి "విశ్రామ్" అన్నాడు. వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. తర్వాతి ఆర్డర్ ఇచ్చేవాళ్లు లేక ఆ నలభై మంది ఎండలో ఇరవై నిమిషాలు అలాగే నిలబడ్డారు.

దానికి పది రోజుల ముందు తిరుమలేశ్ ఒక సినిమా కోసం ఆయన సొంత చొక్కాను నమూనాకు అడిగి తీసుకున్నాడు. దాన్ని చూసి ఎనభై అయిదు కుట్టించాడు. కొత్త బట్టను పదేళ్లు వాడినట్టు చెయ్యడం అతని పనివాళ్ల విద్య. సోడాలో నానబెడతారు, టీ నీళ్లలో ముంచుతారు, మోచేతుల దగ్గర ఇటుకతో రుద్దుతారు. ఆ హడావుడిలో అసలు చొక్కా కూడా అదే తొట్టిలో పడింది. ఆరేశాక చూస్తే ఎనభై ఆరూ ఒకేలా ఉన్నాయి. ఏది మాస్టారిదో ఎవరూ చెప్పలేకపోయారు. అన్నిటికీ కాలర్ లోపల నంబర్లు వేసి షూటింగ్‌కు పంపేశారు.

ఆయన పోయిన నెలకు, యూసుఫ్‌గూడలో ఉండే రాములు అనే ఆర్టిస్టు మధ్యాహ్నం బ్రేక్‌లో భోజనం లైను వదిలి నడుచుకుంటూ వచ్చి ఈ గేటు తెరిచాడు. అప్పుడు తెలిసింది, నలభై ఏడు అని.

"నాకు తొవ్వ తెల్వదమ్మా, కాళ్లకు తెలిసింది" అన్నాడు రాములు, చొక్కా విప్పాక.

సాయంత్రం తిరుమలేశ్ ఆ చొక్కాను రెండు చేతుల మీద పెట్టుకుని వచ్చాడు. "తప్పయిందమ్మా. మీ సామాను మీరు ఉంచుకోండ్రి."

నాగేశ్వరి ముట్టుకోలేదు. "బీరువాలో పెడితే ఆయన ఎలా వస్తారు? మీ దగ్గరే ఉంచండి. పనికి పంపండి."

అలా మొదలైంది. ఒకసారి శంషాబాద్ అవతల షూటింగ్ పడితే, చొక్కా వేసుకున్నాయన రెండు బస్సులు మారి నాలుగింటికి చేరాడు. మిలిటరీ మనిషనుకుని కండక్టర్లు టికెట్ అడగలేదట. అక్కడ డైరెక్టర్ మూడు గంటలు తల పట్టుకున్నాడు. అప్పటి నుంచి దూరం పనులకు నలభై ఏడు వెళ్లదు.

ఈ సెప్టెంబర్‌లో సాయిసుధకు ఉత్తరం వచ్చింది. ఆర్మీ ఆఫీసర్ల శిక్షణకు ఎంపికైంది, చెన్నైలో చేరాలి. జతగా వచ్చిన కాగితాల్లో ఒకదాని మీద తల్లో తండ్రో సంతకం చెయ్యాలి. అది లేకుండా వెళ్తే లోపలికి రానివ్వరు.

నాగేశ్వరి చెయ్యనంది.

"దరఖాస్తు పెడతానన్నప్పుడు మీ నాన్న ఏమన్నారు? ఆదివారం మాట్లాడదామన్నారు. గురువారం పోయారు."

"ఆ తర్వాత డెబ్బై ఆదివారాలు వెళ్లాయమ్మా."

"అయితే ఆయన్నే చెప్పమను. చెప్తే సంతకం పెడతా."

ఆ వారంలో చొక్కా రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నాగేశ్వరే అడిగింది. "పిల్ల సంగతి ఏం చేద్దామండీ?" మంచం మీద కూర్చున్న బట్టతల ఆర్టిస్టు ఆమె ముఖంలోకి చూసి, "చారు బాగుంది" అన్నాడు. రెండోసారి సుధ ఆఫీసుకు సెలవు పెట్టి ఎదురుగా కూర్చుంది. "నాన్నా, వెళ్లనా వద్దా?" అని నాలుగుసార్లు అడిగింది. ఆ మనిషి ఆమె చెప్పుల వైపు చూసి, వాటిని తీసి బూట్ల పక్కన సరిగ్గా పెట్టి వెళ్లిపోయాడు.

"చూశావా? రోజూ చేసేవి తప్ప ఇంకేం చెయ్యరు" అంది సుధ. "నువ్వు సంతకం పెట్టకూడదనే ఆయన మీదకి నెడుతున్నావు."

"అవునే. పందొమ్మిదేళ్లు ఆ గేటు పట్టుకుని నిలబడ్డాను. సందు మలుపు తిరిగేదాకా ఒక్కసారి వెనక్కి చూసిన పాపాన పోలేదు మీ నాన్న. వెళ్లేవాళ్లకి బాగానే ఉంటుంది. ఇప్పుడు నీ కోసం మళ్లీ నిలబడమంటావా?"

మర్నాడు సుధ కృష్ణానగర్ వెళ్లింది.

"శనివారం చెన్నై రైలెక్కాలి. ఆ రోజు నాకు నలభై ఏడు కావాలన్నా."

తిరుమలేశ్ టేపు మెడలో వేసుకుని ఆమెను చూశాడు. "నువ్వు తొడుక్కుంటవా? అది ఇంటికే తీసుకపోతది బిడ్డా. నువ్వు ఎటు పోవాలనుకున్నా గంతే."

"అందరూ బయట వేసుకున్నారు, అందుకే ఇంటికి తెచ్చింది. ఇంట్లో ఎవరూ వేసుకోలేదు కదన్నా. ఇంట్లో వేసుకుంటే ఎటు తీసుకెళ్తుందో చూస్తా."

"అదీ నిజమే. కిరాయి వద్దుగాని, సోమవారం నాకు దానితోని పనుంది. శనివారం స్టేషన్ కాడికి నేనే వచ్చి తీసుకపోత."

"స్టేషన్‌కి వస్తే కదన్నా."

"వస్తవనే అనుకుందాం."

శనివారం రైలు సాయంత్రం ఆరున్నరకు. మధ్యాహ్నం మూడింటికి సుధ తన గదిలో, టీషర్ట్ మీద ఆ చొక్కా తొడుక్కుంది. చేతులు పొడుగైతే రెండు మడతలు వేసింది. బయటికి వచ్చి సంతకం లేని కాగితాన్ని తల్లి చేతిలో పెట్టింది. అంతవరకే ఆమె తనంతట తను చేసింది.

ఆ తర్వాత ఆమె వీపు నిటారైంది. బ్యాగు ఎడమ భుజానికి ఎక్కింది. ఆదినారాయణ అలాగే వేసుకునేవాడు. గేటు తీసుకుని, సందులో రోడ్డుకు ఎడమ అంచున నడిచి, మలుపు తిరిగింది. వెనక్కి చూడలేదు.

నాగేశ్వరి కాగితం పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. పదమూడేళ్ల తర్వాత కూడా ఆ నిలబడడం ఆమె కాళ్లు మర్చిపోలేదు. మనోజ వచ్చి పలకరించి వెళ్లింది. కూరగాయల బండి వచ్చి వెళ్లింది. మూడూ నలభై అయింది. అప్పుడు, ఆపుదామనో పిలుద్దామనో తనకే తెలియకుండా, గేటు దాటి సందులోకి నడిచింది. ఆయన వెళ్లిన ఏ రోజునా ఆమె ఆ పని చెయ్యలేదు.

మలుపు దగ్గర కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దానికి ఆనుకుని మల్లమ్మ ఇస్త్రీ బండి. రెండింటి సందున, బ్యాగు దించకుండా సుధ నిలబడి ఉంది. అక్కడి నుంచి చూస్తే వాళ్ల గేటు తప్ప ఇంకేం కనబడదు.

"కాళ్లు కదలట్లేదమ్మా" అంది సుధ. ముఖమంతా తడిగా ఉంది. "నేను ఏడవట్లేదు. అదే వస్తోంది."

మల్లమ్మ పెట్టె పక్కన పెట్టి నాగేశ్వరి వైపు తలెత్తింది. "ఇంకెట్ల కదుల్తది? నువ్వు లోపటికి పోతనే కదా."

"ఏంటి మల్లమ్మా?"

"సారు గిట్లనే చేస్తుండె. పోయిన ప్రతిసారీ గీడనే నిలవడి నిన్ను సూసుకుంట ఉంటుండె. నువ్వు ఇంట్లకు పోతే ఆయన పోతుండె. నువ్వేమో గేటు ఇడ్వవు. గంట, గంటన్నర. ఒకపారి రైలు గూడ పాయె."

2004లో రైలు రద్దయి రెండ్రోజులు ఆలస్యంగా చేరానని ఆయన రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఆలస్యానికి శిక్ష పడిందని కూడా రాశాడు. నాగేశ్వరి రైల్వేవాళ్లను తిట్టుకుంది అప్పుడు.

"ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నడు. తెలిస్తే ఆమె జల్ది లోపటికి పోతది మల్లమ్మా, జరసేపు సూడనియ్యి అన్నడు."

నాగేశ్వరి చాలాసేపు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ ఉన్న గోడను చూసింది. మనిషి భుజం ఎత్తులో ఒక చోట సున్నం నున్నగా అరిగిపోయి ఉంది. ఇప్పుడు సుధ భుజం దానికంటే నాలుగు వేళ్లు కిందుగా ఆనుకుని ఉంది.

"పెన్నుందా?" అంది.

మల్లమ్మ పెన్నిచ్చి, ఇస్త్రీ బల్ల మీది బట్టలు జరిపింది. వెచ్చటి దుప్పటి మీద కాగితం పరిచి నాగేశ్వరి తన పూర్తి పేరుతో సంతకం చేసింది. మడిచి సుధ బ్యాగు జేబులో పెట్టింది. టైము నాలుగూ అయిదు.

"చేరగానే ఫోన్ చెయ్యి" అని, ఇంటివైపు తిరిగింది.

వీపు మీద చూపు ఉందని ఆమెకు తెలుసు. అందుకని మెల్లగా నడిచింది. గేటు లోపలికి వెళ్లి, గొళ్లెం పెట్టి, మలుపు వైపు తిరిగి నిలబడింది. చెదిరిన జుట్టు సర్దుకుంది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది. సరిచెయ్యడానికి ఇంకేం మిగల్లేదు. అయినా అయిదు నిమిషాలు నిలబడే ఉంది.

తర్వాత ఇంట్లోకి వెళ్లి తలుపు వేసింది.

గడియ పడిన చప్పుడుకు సుధ ఎడమ కాలు ముందుకు పడిందని మల్లమ్మ తర్వాత చెప్పింది.