మడమ లేని జోడు

గోవిందప్ప పెద్దగా మాట్లాడడు. కోపమొచ్చినా సంతోషమొచ్చినా ఆయన చేతిలో సుత్తే పలుకుతుంది. ఆ నెలంతా మాదాపూర్ స్టూడియోలో అది పాటలే పాడింది.

డిజైనర్ హరిత గీసే ప్రతి చెప్పుకీ మొదటి జోడు కుట్టేది ఆయనే. దాన్ని తొడుక్కుని నడిచి చూపించేది ఆయన కూతురు భార్గవి. నిరుడు మదీనాగూడ దగ్గర లారీ గుద్ది, భార్గవి కుడికాలు మోకాలి కింద పోయింది. పెట్టుడుకాలుతో నడక నేర్చుకుంది కానీ, నవ్వడం మానేసింది.

వందేళ్లలో చెప్పు ఎన్ని వేషాలేసిందో చూపిస్తూ హరిత గచ్చిబౌలిలో, అమ్మాయిలు చెప్పులు తొడుక్కుని వేదిక మీద నడిచే ఓ ప్రదర్శన పెట్టింది. తోలు కరువైన రెండో ప్రపంచ యుద్ధకాలపు కార్కు మడమ, ఆ తర్వాత సూదిలాంటి ఉక్కు మడమ, చిట్టచివర హరిత సొంత బుర్రలో పుట్టిన మడమ లేని జోడు. దాని వెనక భాగం మూడంగుళాలు గాల్లో ఉంటుంది. బరువంతా మునివేళ్లే మోయాలి.

"ఆ జోడు భార్గవే వేసుకోవాలండీ," అంది హరిత. భార్గవి నవ్వింది. ఆ నవ్వు చూశాక గోవిందప్పకు తిండి కూడా గుర్తులేదు. పెట్టుడు పాదం జారకుండా లోపల మెత్తటి తోలు వేశాడు, వెనక పట్టీ కుట్టాడు. పని పూర్తికాని చెప్పులో ఎవర్నీ కాలు పెట్టనివ్వకపోవడం ఆయన పట్టింపు. అందుకే భార్గవి దాన్ని తొడుక్కునేసరికి ప్రదర్శనకు నాలుగు గంటలే ఉంది.

భార్గవి లేచి నిలబడింది. ఎడమ పాదం వేళ్ల మీదికి చక్కగా లేచింది. పెట్టుడు పాదం మాత్రం వంగలేదు. మోకాలు ముందుకు తోసుకొచ్చి భార్గవి పడబోతే హరిత పట్టుకుంది.

"ఎత్తు లేని చెప్పుకే ఈ కాలు బిగించినారు నాయినా," అంది భార్గవి మెల్లగా. "ఎత్తు మారిస్తే నిలబడదు. నాకూ తట్టలేదు."

ముప్పై ఏళ్లు మడమలతోనే బతికినవాడికి ఆ మాత్రం తోచలేదు. గోవిందప్ప కత్తి తీశాడు. "ఇప్పుడే కోసి మట్టం చేస్తా పాపా. గంట చాలు."

భార్గవి ఆయన చెయ్యి పట్టుకుంది. "కోస్తే ఇంగ దీంట్లో ఏముంటాది నాయినా? రసజ్ఞకు తొడుగు. ఆ పిల్లదీ నా కొలతే."

రసజ్ఞ ఆ సాయంత్రం నడవాల్సిన అమ్మాయిల్లో ఒకతె. మోకాలు ఎంత సడలించాలో, చూపు ఎక్కడ నిలపాలో భార్గవే దగ్గరుండి నేర్పింది.

సాయంత్రం ఆ జోడు వేదికెక్కగానే హాలంతా చప్పట్లు. గోవిందప్పకు అటు చూడబుద్ధి కాలేదు. పక్క కుర్చీలో కూర్చున్న కూతురి కాళ్ల వైపు చూశాడు. రసజ్ఞ అడుగు పడినప్పుడల్లా భార్గవి ఎడమ మడమ నేల మీంచి లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. కుడిది కదల్లేదు. అంతమందిలో గోవిందప్ప పైకే ఏడ్చేశాడు.