నీలమ్మ తిడితేనే స్టార్టు

పెళ్లిళ్లకు మల్లన్న అద్దెకిచ్చే జనరేటర్ అతని పెళ్లాం నీలమ్మ తిడితే తప్ప స్టార్టయ్యేది కాదు. ఇది కార్వాన్ బస్తీలో అందరికీ తెలుసు, ఒప్పుకోనిది మల్లన్న ఒక్కడే. ప్లగ్గు తుడిచి, పెట్రోలు ట్యాపు తిప్పి, తాడు చుట్టి లాగడం అతని వంతు. "తినుడు తింటవ్, పని జెయ్యవ్, నీ మొగం మండ" అని దాన్ని తిట్టడం ఆమె వంతు. అప్పుడది దగ్గి, పొగ కక్కి, బల్బులు వెలిగించేది.

ఆ నీలమ్మ మొన్న అలిగి కిషన్‌బాగ్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది. అలగదా మరి! ఆమె దసరా చీర కొంగు చించి ఈ మహానుభావుడు జనరేటర్ తుడిచాడు. పాతదనుకున్నాడట. ఆమె దాన్ని ఇంకా కట్టనేలేదు.

సరిగ్గా అప్పుడే వైకుంఠం సేటు బిడ్డ పెళ్లి వచ్చిపడింది. మునిమాపు వేళ ఎదుర్కోళ్లకు పానకం బిందెలెత్తారో లేదో, కరెంటు పోయింది.

మల్లన్న తాడు లాగాడు. భుజం దిగిపోయేలా లాగాడు. ఉలుకూ పలుకూ లేదు.

"తిట్టు మరి!" అన్నాడు సేటు.

మల్లన్న మళ్లీ తాడే చుట్టాడు. ఏళ్ల తరబడి తనకు అన్నం పెడుతున్న జనరేటర్‌ను ఎట్లా తిడతాడు?

దాంతో పెళ్లివారే పూనుకున్నారు. పురోహితుడు "జడమా! మూర్ఖమా!" అన్నాడు. షామియానా కరీం భాయ్ "ఆప్ నిహాయత్ నాలాయఖ్ హై" అని, తమరు బొత్తిగా పనికిరానివారని మర్యాదగా తిట్టాడు. పెళ్లికొడుకు మేనత్త సుగుణమ్మ సందట్లో సందు చూసుకుని వియ్యాలవారిని కూడా కలిపి తిట్టింది. ప్రతి తిట్టుకూ ఎవరో ఒకరు తాడు లాగడమే. ప్లగ్గు పెట్రోలులో తడిసి ముద్దయింది.

"పెట్రోల్ ఎక్కువైంది, జర ఆరనియ్యుండ్రి" అని మల్లన్న మొత్తుకున్నా వినే నాథుడు లేడు.

"పోయి నీలమ్మను తోల్కరా" అన్నాడు సేటు. "లేకుంటే ఈ గల్లీల నీ డబ్బా మల్ల కనవడొద్దు."

మల్లన్న ట్యాపు కట్టేసి రిక్షా ఎక్కాడు. చీకట్లో నిలబడి చేసేదేముందని మగపెళ్లివారు బ్యాండుతో సహా వెంట నడిచారు.

గడపలో నిలబడ్డ నీలమ్మను చూడగానే మల్లన్న రిక్షాలోంచి దూకాడు. జనరేటర్ మాట అటుంచి, ఆమె గొంతు వినపడని ఇంట్లో అతనికి ముద్ద దిగడం లేదు. ఆ ముక్క చెబుదామంటే బ్యాండు ఆగదే!

"డబ్బా కోసమొచ్చినవా, నా కోసమా?" అని అరిచింది నీలమ్మ.

"నీ కోసమే!"

సరిగ్గా అప్పుడే బ్యాండు ఆగింది. కిషన్‌బాగ్ అంతా విన్నది.

"గట్లయితే నా ముంగట దాన్ని నువ్వే తిట్టు. అప్పుడు నమ్ముత" అని నీలమ్మ లోపలికెళ్లి చీర మార్చుకుని వచ్చి రిక్షా ఎక్కింది.

తిరిగి కార్వాన్ చేరాక మల్లన్న ట్యాపు తిప్పి, తాడు చుట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"దిక్కుమాలినదానా! నీవల్లనే నా పెండ్లాం పోయింది!"

ఒక్క లాగుకే స్టార్టయింది. ఇంతసేపూ దాన్ని ఎవరూ ముట్టకపోవడంతో ప్లగ్గు ఆరిందని ఎవరికీ తోచలేదు. బల్బులు వెలిగాయి, మైకు కూసింది, జనం ఈలలు వేశారు. నీలమ్మ ముఖం మాత్రం కందిపోయింది.

"దిక్కుమాలినదా? గంత మాటంటవా దాన్ని! ఎవరున్నరు దానికి, మనం గాక?"

ముందుకొచ్చి ట్యాంకు మీది దుమ్ము తుడిచింది. కట్టుకొచ్చింది ఆ దసరా చీరే. చిరగ్గా మిగిలిన కొంగుతోనే తుడిచింది.

"ఇగ తిట్టుడు నా పని. నువ్వు నోర్మూసుకొని తాడు లాగు."

మల్లన్నకు ఏడుపొచ్చింది. అడిగినవాళ్లకు పొగ అని చెప్పాడు.