రెండు పక్కన చుక్క

వహ్బా అక్షరాలను కళ్లతో ఏరడం మానేసి రెండేళ్లయింది. ఎడమ చేతిలో అచ్చు అక్షరాలు పేర్చే స్టిక్కు పట్టుకుని, కుడి చేతి వేళ్లను గళ్లపెట్టె మీద ఆడిస్తూ, సీసపు ముక్కను బొటనవేలితో ఒకసారి తడిమి వరుసలో దించేస్తాడు. ఆ రోజు పొద్దుట్నుంచీ ఎడమ భుజం బరువుగా ఉంది. ఎండ మహిమ అనుకున్నాడు.

కైరోలో ఫగ్గాలా సందులోని ఆ అచ్చుకూటం నుంచి నెలకొక వైద్య పత్రిక వెలువడుతుంది. పద్నాలుగేళ్లుగా దానికి ఆయనే కంపోజిటర్. అచ్చుకూటంలో అందరూ ఆయన్ను ఉస్తా, అంటే పెద్ద పనివాడు, అని పిలుస్తారు. ఫ్రెంచి పుస్తకాల్లోని జబ్బులెన్నో అరబ్బీ పేర్లు తగిలించుకుని ఆయన చేతుల మీదుగానే అచ్చెక్కాయి. పేటలో అందరూ అరడాక్టరని ఆటపట్టించేవారు. పైకి కసురుకునేవాడు గానీ, ఆ మాటంటే ఆయనకు లోలోపల ఎంతో ఇష్టం.

ఆ నెల పత్రిక ఆఖరి ఫారం అచ్చవుతోంది. మిషను దగ్గరున్న అతియ్యా అప్పటికే మూడు వందల కాగితాలు లాగేశాడు. వహ్బా అలవాటు కొద్దీ ఒకటి తీసి ముక్కుకు ఆనించుకుని చదివాడు. పిల్లల దగ్గు గురించి సంపాదకుడు డాక్టర్ నఖ్లా రాసిన వ్యాసం అది. నల్లమందు ద్రావకం రెండు చుక్కలు అని ఉండాలి. రెండు అంకె పక్కన ఒక సిరా చుక్క పడింది. ఖాళీ కోసం పెట్టిన సీసపు ముక్క పైకి లేచి సిరా అంటించుకుంది. అరబ్బీ అంకెల్లో సున్నా అంటే ఉత్త చుక్కే. రెండు చుక్కలు కాస్తా ఇరవై అయి కూర్చున్నాయి.

వరుస బిగువుగా కట్టనిది తన చేతులే.

వహ్బా మిషను ఆపించి, పైకి లేచిన ముక్కను అణిచాడు. డాక్టరు వచ్చి చూసి నిట్టూర్చాడు. సాయంత్రం రైలుకు కట్టలు వెళ్లాలని, మళ్లీ వేయడానికి కాగితం లేదని చెప్పాడు.

"వచ్చే నెల సవరణ వేద్దాంలే ఉస్తా. చదివే వైద్యులకు ఆమాత్రం తెలియదా?"

"చదివేది వైద్యులొక్కరేనా డాక్టరుగారూ? పల్లెల్లో మంగళ్లు కూడా చదివించుకుంటారు. పిల్లల దగ్గు వచ్చే నెల దాకా ఆగుతుందా?"

వహ్బా కూతురు దిమ్యానా నాలుగేళ్లప్పుడు దగ్గుతో ఏడుస్తుంటే, పేటలో వైద్యం చేసే మంగలి నల్లమందు తీసే గసగసాల కాయల కషాయం పట్టించాడు. ఎంతని ఎవరూ అడగలేదు. పిల్ల హాయిగా నిద్రపోయిందని తల్లీతండ్రీ సంతోషించారు. తెల్లారి లేపితే లేవలేదు. అప్పటికి ఈ పత్రిక లేదు. ప్రార్థన పుస్తకాలు కూర్చే పని వదిలి తక్కువ జీతానికి ఇక్కడెందుకు చేరావని అడిగిన వాళ్లకు ఆయన ఎన్నడూ జవాబు చెప్పలేదు.

చాకు తీసుకుని కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాడు. కాగితం చిరగకుండా, పక్కనున్న రెండు అంకె చెదరకుండా, మూడు వందల కాగితాల మీదా ఒక్కొక్క చుక్కనే గీకాలి. అతియ్యా సాయానికొస్తే రెండు కాగితాలు చింపాడు.

"నీ పిడికిళ్లు మిషనుకే పనికొస్తాయి, పోరా," అన్నాడు వహ్బా.

"నీకు కళ్లెక్కడున్నాయి ఉస్తా?"

"దీనికి వేళ్లు చాలు."

నిజంగానే వేలి కొసతో తడిమి సిరా ఉబ్బును పట్టుకుంటున్నాడు. మధ్యాహ్నం రొట్టె ముట్టలేదు. భుజం నొప్పి మోచేతి దాకా దిగింది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. మధ్యలో ఒకసారి డాక్టరు వచ్చి, గీకిన కాగితాలు చూసి వెళ్లిపోయాడు.

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినిపించాక అతియ్యా కట్టలు కట్టడానికి వచ్చాడు. ఉస్తా తల బల్ల మీదికి వంచి ఉన్నాడు. చూపు ఆనక వంగాడనుకుని అతియ్యా, ఉస్తా గీకిన కాగితాలన్నీ నిదానంగా లెక్కపెట్టుకున్నాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఆ తర్వాత పిలిచాడు, భుజం పట్టుకుని కదిపాడు. పెద్దగా ఏడ్చాడు.

డాక్టర్ నఖ్లా చెయ్యి పట్టుకుని చూసి వదిలేశాడు. ఆ రోజు రైలు తప్పిపోతే బాగుండునని ఆయనకు అనిపించింది. కానీ వహ్బా అంత కష్టపడింది ఆ రైలు కోసమే కదా అని, కట్టలు పంపించమన్నాడు.

వహ్బా చెంప కింద ఒక్క కాగితం ఉండిపోయింది. దాన్ని ఏ కట్టలోనూ పెట్టలేదు. కిటికీ దగ్గర బల్ల మీద అలాగే ఉంది, రెండు అంకె పక్కన సగం గీకిన చుక్కతో.